శ్రీశైలం జాతరలో ఒక రష్యావాడు

మా బావ రష్యాలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. ఊరు పేరు త్వేర్. మాస్కోకి పైన, వోల్గా నది ఒడ్డున ఉంటుంది. మాది గరిడేపల్లి. మిర్యాలగూడ నుంచి కోదాడ వైపు పోయే దారిలో, సాగర్ ఎడమ కాలువ నీళ్ళ మీద బతికే ఊరు. మా ఇంట్లో రష్యా గురించి అందరికీ తెలిసినవి రెండే రెండు: మెడిసిన్ సీటు, చలి. బావ వెళ్ళాక మిగతావి వీడియో కాల్‌లో ఒక్కొక్కటే దిగుమతి అయ్యాయి.

అక్కడ ఎవరింటికి పోయినా చెప్పులు విప్పగానే ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు ఇస్తారట. గడపకి ఇటొకరు అటొకరు నిలబడి చేయి కలపకూడదట. ఇంట్లో ఈల వేస్తే డబ్బు నిలవదట. పూలు ఇస్తే మూడో ఐదో ఇవ్వాలి, సరిసంఖ్యలో ఇస్తే అవి చావింటికి. పాఠం చెప్పేవాళ్ళని సార్, మేడమ్ అంటే కుదరదు, పేరుకి తండ్రి పేరు తగిలించి పిలవాలి. అంటే బావ ప్రొఫెసర్ల పేర్లతో పాటు వాళ్ళ నాన్నల పేర్లు కూడా బట్టీ పట్టాడు. ఇంకొకటి, దూర ప్రయాణం బయలుదేరే ముందు ఇంట్లో అందరూ ఒక్క నిమిషం మాట్లాడకుండా కూర్చుంటారట, అప్పుడే లేచి వెళ్తారట. అది విని మా నానమ్మ, అంటే బావకి అమ్మమ్మ, ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ఎవరో తుమ్మి ఉంటారు, మనం కూడా కూర్చుని నీళ్ళు తాగి పోతాం కదా అంది.

ఒకరోజు బావ ఒక ఫోటో పంపాడు. వోల్గా ఒడ్డున గడ్డం మనిషి విగ్రహం, నెత్తిన మంచు, కింద గుర్రం తల ఉన్న పడవ. 1955లో పెట్టారట. ఈయన మన దగ్గరికి వచ్చాడంట, చూసి చెప్పు అని మెసేజ్. నేను వెతికాను. ఒక ఇంగ్లీషు అనువాదం దొరికింది. ఎగ్జామ్స్ ముందు చదవకూడనిది ఏదైనా ఉంటే అదే. రాత్రంతా చదివాను.

ఆయన పేరు అఫనాసీ నికితిన్. నికితిన్ అనేది ఇంటిపేరు కాదు, నికితా కొడుకు అని అర్థం. త్వేర్‌లో వ్యాపారి. ఎప్పుడు పుట్టాడో ఎక్కడా లేదు. ఆయన జీవితంలో మనకు కనిపించేది చివరి ఆరేడేళ్ళే, అది కూడా ఆయనే రాసుకున్నాడు కాబట్టి. 1460ల చివర్లో సరుకు పడవలకెక్కించుకుని వోల్గా మీద కిందికి బయలుదేరాడు. ఇండియాకి కాదు. కాస్పియన్ సముద్రం పక్కన షిర్వాన్ అనే రాజ్యానికి, అంటే ఇప్పటి అజర్‌బైజాన్ వైపు. నాలుగు రూపాయలు సంపాదించుకుని తిరిగొద్దామని. వాస్కో డ గామా కాలికట్‌కి వచ్చింది 1498లో. మన నికితిన్ దాదాపు ముప్పై ఏళ్ళు ముందు. కానీ గామాకి రాజు ఓడలిచ్చి పంపాడు, నికితిన్‌కి ఎవరూ పంపిన దాఖలా లేదు.

మొదట్లోనే బస్సు మిస్ అయ్యాడు. మాస్కో రాజు ఇవాన్ దూత ఒకాయన షిర్వాన్‌కి వెళ్తుంటే ఆయన గుంపులో కలిసి వెళ్దామనుకున్నాడు. నిజ్నీ నోవ్‌గొరోద్ చేరేసరికి ఆయన ముందే వెళ్ళిపోయాడు. అక్కడ రెండు వారాలు ఆగి, షిర్వాన్ నుంచి వచ్చి తిరిగి వెళ్తున్న ఇంకో దూతని పట్టుకున్నాడు. ఆ దూత దగ్గర ఇవాన్ ఇచ్చిన 90 వేట డేగలు ఉన్నాయి. డేగల దూత, బొచ్చుల వ్యాపారులు, రెండు పడవలు. వోల్గా చివర ఆస్ట్రాఖాన్ దగ్గర తాతారు ఖాన్ కాపు కాసి ఉన్నాడని ముగ్గురు మనుషులు వచ్చి చెప్పారు. వాళ్ళకే తలా ఒక కోటు, బట్ట ఇచ్చి, చప్పుడు లేకుండా దాటించమన్నారు. వాళ్ళు కోట్లు తీసుకున్నారు, ఖాన్‌కి కబురు కూడా పంపారు. రెండు వైపులా కమీషన్ అన్నమాట. ఆ రాత్రి వెన్నెల. పడవలు కనపడిపోయాయి. చిన్న పడవ చేపలు పట్టే కట్టకి తట్టుకుని ఆగిపోయింది, దోచుకున్నారు. నికితిన్ సామానంతా ఆ చిన్న పడవలోనే ఉంది. ఆయన మాత్రం దూత పడవలో కూర్చున్నాడు.

ఆ సామానులో ఆయన పుస్తకాలు కూడా పోయాయి. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పని ఉంది.

ఆ తర్వాత సముద్రంలో తుఫాను, ఒక పడవ ముక్కలు, అందులోవాళ్ళు ఒడ్డున ఇంకో తెగకి బందీలు. ఎలాగో వాళ్ళని విడిపించారు. అందరూ కలిసి షిర్వాన్ రాజు దగ్గరికి వెళ్ళి, ఇల్లు చేరడానికి ఏమైనా ఇప్పించమని అడిగారు. మీరు చాలామంది ఉన్నారు అని ఆయన ఏమీ ఇవ్వలేదు. అప్పుడు వాళ్ళంతా ఏడ్చి ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఎలా విడిపోయారో నికితిన్ రాసిన తీరు నాకు పుస్తకం మొత్తంలో చాలా నచ్చింది. ఊళ్ళో ఏదో ఒకటి మిగిలి ఉన్నవాళ్ళు ఇంటికెళ్ళారు. అప్పులున్నవాళ్ళు కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటు పోయారు. ఆయన రెండో గుంపు.

అందుకే నాకు ఈయన సాహసయాత్రికుడు అనే మాట పెద్దగా అతకదు అనిపిస్తుంది. సరుకు అప్పు మీద తెచ్చాడు, సరుకు పోయింది, ఇంటికెళ్తే అప్పులవాళ్ళు. మా దగ్గర దుబాయ్ పోయి ఏజెంట్ చేతిలో మోసపోయి, ఊరికి రాలేక అక్కడే ఏదో పని వెతుక్కున్నవాళ్ళ కథ కూడా ఇదే. తేడా ఏంటంటే నికితిన్ డైరీ రాశాడు.

బాకు చూశాడు, అక్కడ నేలలోంచి మంట ఆరకుండా వస్తుందని రాశాడు. పర్షియాలో ఊరూరా తిరుగుతూ ఏడాదికి పైగా గడిపాడు. పశువులకి ఖర్జూరాలు మేతగా పెట్టడం చూసి దాని రేటు కూడా రాసుకున్నాడు. ఎక్కడికి పోయినా ముందు రేటు. హోర్ముజ్ చేరాక ఒక కబురు విన్నాడు: ఇండియాలో గుర్రాలు పుట్టవు, అక్కడ వాటికి మంచి ధర. ఉన్నదంతా పెట్టి ఒక మగ గుర్రాన్ని కొన్నాడు. దాన్ని పడవలో ఎక్కించుకుని ఆరు వారాలు సముద్రం మీద వచ్చి, ముంబైకి దక్షిణాన ఉన్న చౌల్ రేవులో దిగాడు. జున్నర్ చేరేసరికి ఆ గుర్రం మీద అయిన ఖర్చు నూరు రూబుళ్ళు. అదే ఆయన ఆస్తి, స్టార్టప్, రిటర్న్ టికెట్.

దిగిన కొత్తలో ఆయన మనల్ని చూసింది తక్కువ, మనం ఆయన్ని చూసింది ఎక్కువ. తెల్లమనిషిని చూడటానికి ఎక్కడికి పోయినా జనం వెంటపడేవారు. ఇప్పుడు త్వేర్‌లో బావ మెట్రిక్ మార్పు లేకుండా అదే అనుభవిస్తున్నాడు, పల్లెల వైపు పోతే ముసలమ్మలు ఆపి మరీ చూస్తారట.

జున్నర్‌లో ఉండగా చలికాలం వచ్చిందని రాశాడు. మే, జూన్ నెలల్లో చలికాలం ఏంటని నేను రెండుసార్లు చదివాను. తర్వాత వాక్యంలో తెలిసింది. నాలుగు నెలలు రాత్రీ పగలూ ఎక్కడ చూసినా నీళ్ళు, బురద. అది మన వానాకాలం! రష్యావాడికి ఏడాదిలో ఇంట్లో కూర్చోబెట్టే కాలం అంటే చలికాలమే, కాబట్టి ఇదీ చలికాలమే. అందులోనే జనం దున్నుతున్నారు, విత్తుతున్నారు, వరి వేస్తున్నారు అని ఆశ్చర్యపోయాడు. ఆయన ఊళ్ళో చలికాలం పొలం మంచు కింద ఉంటుంది కదా. గరిడేపల్లిలో ఆగస్టులో మోకాలి లోతు బురదలో నాట్లు వేసేవాళ్ళని చూస్తే ఇంకెంత ఆశ్చర్యపోయేవాడో.

గుర్రాలకి శెనగలు పెడతారని, కిచిడీ వండి చక్కెర, నెయ్యి కలిపి తినిపిస్తారని రాశాడు. అంటే గుర్రం మెనూ మన మెస్ కంటే మెరుగు. కొబ్బరికాయతో మద్యం చేస్తారట, చెట్టు నుంచి ఇంకోటి చేస్తారట. దాన్ని తమ ఊళ్ళో ఇంట్లో పులియబెట్టుకునే బ్రాగాతో పోల్చాడు. తాటికల్లు అయి ఉంటుందని మా తాతయ్య తీర్పు. రష్యన్ల మీద ఉన్న పేరుకి విరుద్ధంగా, తాను ఇక్కడ మద్యం తాగలేదని కూడా రాశాడు. డబ్బుల్లేవు మరి.

జున్నర్‌లోనే అసలు గండం వచ్చింది. అక్కడి అధికారి అసద్ ఖాన్ గుర్రాన్ని లాక్కున్నాడు. ఇతను ముస్లిం కాదు, రష్యావాడు అని తెలిసి ఒక బేరం పెట్టాడు. మతం మారితే గుర్రం వెనక్కి, పైన వెయ్యి బంగారు నాణేలు. మారకపోతే గుర్రం పోయినట్టే, పైగా వెయ్యి నాణేలు జరిమానా. గడువు నాలుగు రోజులు. ఇక్కడ ఒకసారి ఆగి ఆలోచించండి. అప్పులో ఉన్న మనిషి, తెలిసినవాళ్ళు లేని దేశం, చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఒక్కసారి ఊ అంటే అప్పులన్నీ తీరతాయి. ఆయన అనలేదు. గడువుకి ఒక రోజు ముందు ఖురాసాన్‌కి చెందిన ఖోజా మహమ్మద్ అనే పెద్దమనిషి ఊళ్ళోకి వచ్చాడు. నికితిన్ వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆయన ఖాన్‌తో మాట్లాడి గుర్రాన్ని విడిపించాడు. మతం మారమన్నదీ ముస్లిమే, మారకుండా కాపాడిందీ ముస్లిమే. మా జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకి అన్ని మతాలవాళ్ళూ పోతారు కాబట్టి నాకు ఇందులో పెద్ద వింత కనిపించలేదు కానీ, నికితిన్ దీన్ని దేవుడు చేసిన అద్భుతంగానే లెక్కేశాడు. తన తర్వాత వచ్చే రష్యన్లకి ఒక హెచ్చరిక కూడా రాసిపెట్టాడు: ఇండియా రావాలంటే నమ్మకాన్ని ఇంట్లో పెట్టి రండి అని దాని అర్థం. కోపంతో రాసిన రివ్యూ.

అక్కడి నుంచి బీదర్. మన జహీరాబాద్ దాటితే వచ్చే బీదరే. అప్పట్లో అది బహమనీ సుల్తానుల రాజధాని, ఇప్పటి తెలంగాణలో చాలా భాగం మీద కూడా వాళ్ళ కన్ను ఉండేది. సుల్తాన్ వయసు ఇరవై అని రాశాడు. అంటే నాకంటే ఒక్క ఏడాది పెద్ద. రాజ్యం నడిపేది మాత్రం మంత్రి మహమూద్ గవాన్. ఆయన కూడా ఇరాన్ నుంచి వ్యాపారిగా వచ్చినవాడే. ఆయన కట్టించిన మదరసా 1472లో పూర్తయింది, సగం కూలినా ఇప్పటికీ నీలం పెంకులతో నిలబడి ఉంది. ఇద్దరూ పరాయి వ్యాపారులే. ఒకాయన మంత్రి అయ్యాడు, ఇంకొకాయన గుర్రం అమ్ముకోవడానికి తిప్పలు పడ్డాడు. అయితే 1481లో ఆ సుల్తానే గవాన్‌ని చంపించాడు. కాబట్టి ఎవరు అదృష్టవంతుడో చెప్పలేం.

బీదర్ కోటకి ఏడు గుమ్మాలు, ఒక్కో గుమ్మం దగ్గర నూరుమంది కాపలా, నూరుమంది రాసేవాళ్ళు. లోపలికి ఎవరు పోయారు, బయటికి ఎవరు వచ్చారు అని రాయడమే వాళ్ళ పని. లాగ్ ఫైల్ అంటే ఇదే కదా! సుల్తాన్ బయటికి వస్తే 300 ఏనుగులు, దొంతాలకి కట్టిన కత్తులు, బంగారం, బాకాలు. అన్నీ లెక్కపెట్టాడు. లెక్కపెడుతూనే ఇంకో మాట కూడా రాశాడు. ఈ దేశంలో జనం చాలామంది, పల్లెల్లోవాళ్ళు కటిక పేదవాళ్ళు, పెద్దవాళ్ళు మాత్రం బలంగా వైభవంగా ఉన్నారు. వెండి పల్లకీల పక్కనే ఒంటిమీద బట్టలేని మనుషుల్ని చూసి ఆగినవాడు అన్నమాట.

నగరం వీధుల్లో రెండు బారల పాములు తిరుగుతాయని, గుడ్లగూబ లాంటి ఒక పిట్ట ఏ ఇంటిమీద వాలితే ఆ ఇంట్లో చావు తప్పదని, దాన్ని చంపబోతే నోట్లోంచి నిప్పు కక్కుతుందని కూడా రాశాడు. కోతులకి ఒక రాజు ఉంటాడట, కోతిని ఎవరైనా కొడితే మిగతావి పోయి రాజుకి ఫిర్యాదు చేస్తాయట, సైన్యం వచ్చి ఇళ్ళు పీకేస్తుందట. ఎవరో సాయంత్రం పూట అరుగు మీద కూర్చోబెట్టి ఈయనకి బాగా చెప్పారు. కోతులు ఇళ్ళు పీకే సంగతి మాత్రం మా ఊళ్ళో ఎవరినడిగినా నిజమే అంటారు.

గుర్రం చివరికి బీదర్‌లో అమ్ముడుపోయింది. దాని మేతకి ఏడాదిలో 68 నాణేలు అయ్యాయని లెక్క రాశాడు. ఏమీ మిగల్లేదు. ఇక్కడ సరుకు బోలెడు ఉందని చెప్పినవాళ్ళు అబద్ధాలు చెప్పారు, మా దేశంలో అమ్ముడుపోయేది ఇక్కడేమీ లేదు, మిరియాలు చవకే కానీ సుంకాలు, దారిలో సముద్రపు దొంగలు. వ్యాపారం అక్కడికి ముగిసింది. ఆ తర్వాత ఆయన ఇక్కడ ఉన్నది కొనడానికీ అమ్మడానికీ కాదు, చూడటానికే అనిపిస్తుంది.

బయట ఆయన్ని ఖోజా యూసుఫ్ ఖురాసానీ అని పిలిచేవారు. బీదర్‌లో కొంతమంది హిందువులతో స్నేహం అయ్యాక, నేను ముస్లింని కాదు, నా పేరు అఫనాసీ, నాది వేరే మతం అని చెప్పేశాడు. అప్పటి నుంచి వాళ్ళు ఆయన దగ్గర ఏదీ దాచలేదు. తిండి, బేరం, పూజ, ఇంటి ఆడవాళ్ళు కూడా. వాళ్ళ మతాలు లెక్కపెట్టడానికి కూర్చున్నాడు. మొత్తం 84 తేలాయి. ఒకరితో ఒకరు తినరు, తాగరు, పెళ్ళి చేసుకోరు. ఆయన మతాలు అన్నవి కులాలని మనకి చదవగానే తెలుస్తుంది. 84 దగ్గర ఆగిపోయాడంటే ఓపిక అయిపోయి ఉంటుంది.

తినేది కుడిచేత్తోనే, ఎడమ చెయ్యి తగలనివ్వరు. చెంచా అంటే ఏంటో తెలియదు. దారిలో ఎవరి చిన్న గిన్నె వాళ్ళది, ఎవరి వంట వాళ్ళది. వేరేవాళ్ళ చూపు గిన్నెలో పడితే ఆ అన్నం తినరు, అందుకే గుడ్డ కప్పుకుని తింటారు. కొడుకు పుడితే పేరు తండ్రి పెడతాడు, కూతురికి తల్లి పెడుతుంది. ఇలా పేజీలకు పేజీలు. వీటిలో ఆయనకి బాగా సంతోషం ఇచ్చింది ఒకటుంది. వీళ్ళు తూర్పుకి తిరిగి దండం పెడతారు, అచ్చం రష్యన్ల లాగే. ఇల్లు వదిలి ఏళ్ళు గడిచిన మనిషికి అది ఎలా ఉండి ఉంటుందో. బావ మొదటి ఏడాది త్వేర్ బజార్లో పుల్లటి పెరుగు దొరికిందని ఫోన్ చేసి అరిచిన అరుపు నాకు గుర్తొచ్చింది.

ఆ స్నేహితులే ఆయన్ని పర్వతానికి తీసుకెళ్ళారు. పర్వతం అంటే శ్రీపర్వతం, మన శ్రీశైలమే అని ఎక్కువమంది పండితులు అంటారు. బీదర్ నుంచి నెల రోజుల నడక. రష్యాలో ఈస్టర్‌కి ఏడు వారాల ముందు పెద్ద ఉపవాసం మొదలవుతుంది. సరిగ్గా ఆ ఉపవాసం ముందు రోజుల్లో ఇక్కడ జాతర అని రాశాడు. చూడండి, శివరాత్రి కూడా ఫిబ్రవరి, మార్చిల్లోనే వస్తుంది. ఇప్పటికీ ఆ వారం రష్యాలో మాస్లెనిత్సా పండగ. ఉపవాసం రాబోతుంది కాబట్టి వెన్న పూసిన పలచటి అట్లు కడుపు పగిలేలా తింటారు, గడ్డి బొమ్మని తగలబెట్టి చలికాలాన్ని సాగనంపుతారు. వాళ్ళు అట్లు తినే రోజుల్లో మనం పస్తుండి జాగారం చేస్తాం.

నేను ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు ఇంట్లోవాళ్ళతో శివరాత్రికి శ్రీశైలం వెళ్ళాను. నల్లమల ఘాట్‌లో బస్సు వాంతులు, నడిచి వచ్చే భక్తుల వరుసలు, గుడి ప్రాకారం గోడ మీద బొమ్మల వరుసలు, తలనీలాల దగ్గర క్యూ. నికితిన్ రాసినవి చదువుతుంటే నేను పక్కనే ఉన్నట్టు ఉంది. ఐదు రోజుల జాతర. గుడి సగం త్వేర్ అంత ఉందట. రాతి గోడల మీద దేవుడి పనులన్నీ చెక్కి ఉన్నాయట. మగవాళ్ళు, ఆడవాళ్ళు అందరూ జుట్టు తీయించుకుంటారట. తలకి రెండు నాణేల రుసుం, గుర్రానికైతే నాలుగు! స్పెషల్ దర్శనం టికెట్ గురించి అప్పుడే రాసిన మనిషి. ఎంతమంది జనం అంటే, ఇక్కడే నేర్చుకున్న లక్ష అనే మాటని వేలతో గుణించాడు. అది ఆయన లెక్కల్లో కెల్లా పెద్ద తప్పు, కానీ శివరాత్రి రాత్రి ఆ క్యూలో నిలబడినవాళ్ళెవరూ తప్పు పట్టరు.

దేవుడి ముందు నల్లరాతి ఎద్దు, బంగారు పూత. జనం దాని గిట్టని ముద్దు పెట్టుకుని పూలు చల్లుతున్నారు. నందిని గుర్తుపట్టేశాం. ఇంకో పెద్ద విగ్రహానికి తోక ఉంది, ముఖం కోతిది, కుడిచెయ్యి పైకి ఎత్తి ఉంది. ఏ తెలుగు పిల్లాడిని అడిగినా పేరు చెప్తాడు. నికితిన్‌కి మాత్రం ఆ ఎత్తిన చెయ్యి చూడగానే కాన్‌స్టాంటినోపుల్‌లో జస్టీనియన్ చక్రవర్తి విగ్రహం గుర్తొచ్చింది. హనుమంతుడిని రోమన్ చక్రవర్తితో పోల్చినవాడు ఇంకొకడు ఉండడనుకుంటా. వెక్కిరించలేదు. ముస్లింలకి మక్కా, మాకు జెరూసలేం, వీళ్ళకి పర్వతం అని రాసుకుని తిరిగొచ్చాడు.

ఇప్పుడు పుస్తకాల సంగతి. రష్యన్ ఈస్టర్ తేదీ ప్రతి ఏడూ మారుతుంది. పౌర్ణమి, ఆదివారం రెండూ చూసుకుని పట్టిక ప్రకారం లెక్క కట్టాలి, మన పంచాంగం లాగా. ఉపవాసాలు, మిగతా పండగలు చాలావరకు ఈ ఒక్క తేదీ మీద ఆధారపడతాయి. ఆ పట్టికలున్న పుస్తకాలు ఆస్ట్రాఖాన్ దగ్గర పోయాయి. కోడింగ్ తెలిసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది: ఒక్క వేరియబుల్ పోయింది, దాని మీద నడిచే ఫంక్షన్లన్నీ పోయాయి. ఎప్పుడు మాంసం మానాలో తెలియదు, ఎప్పుడు తినొచ్చో తెలియదు. బుధవారం, శుక్రవారం ఉపవాసాలు కూడా తారుమారయ్యాయి. పక్కన ముస్లింలు ఉపవాసం ఉంటే వాళ్ళతోపాటే నెల రోజులు ఉన్నాడు, రోజుకి రెండుసార్లు రొట్టె, నీళ్ళు. వాళ్ళ పండగకి తొమ్మిదో పదో రోజుల ముందు మా ఈస్టర్ వస్తుంది అని అంచనా వేసుకున్నాడు. ఒక ఏడాది ఆకాశం చూశాడు. కృత్తికలు, మా తాతయ్య గొల్లకావడి అని చూపించే మూడు చుక్కలు తెల్లవారు వెలుగులో కలిసిపోయాయి, సప్తర్షి మండలం తల తూర్పుకి తిరిగింది. రష్యాలో అప్పట్లో దాన్ని దుప్పి అనేవారట. సరే, ఇదే ఈస్టర్ అయి ఉంటుంది అనుకున్నాడు. పుస్తకమంతా రేట్లు రాసిన మనిషి, ఇక్కడికి వచ్చేసరికి ఏడుస్తాడు. గుర్రం పోయినప్పటికంటే ఎక్కువ.

ఆ బాధలోనే మతం మారమని బీదర్‌లో ఇంకో పెద్దమనిషి ఒత్తిడి చేశాడు. మళ్ళీ కాదన్నాడు. అయితే ఆయన రాతలో ప్రార్థనలు రాన్రానూ తురకీ, పార్సీ, అరబిక్ మాటలతో కలిసిపోయాయి. ఈయన నిజంగా మారాడా లేదా అని పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. నా ఓటు మారలేదనే. ఇన్నేళ్ళు ఆ భాషల్లోనే బేరం, ఆ భాషల్లోనే తిండి, ఆ భాషల్లోనే తిట్లు. దేవుడితో కూడా అవే వచ్చాయి. ఇంగ్లీష్ మీడియంలో పన్నెండేళ్ళు చదివి, గుడికెళ్ళి సప్లీ రాకూడదు ప్లీజ్ గాడ్ అనుకునే నాకు అది వింతగా లేదు.

కలగలుపు భాషకి ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఇంట్లోవాళ్ళు చదవకూడని కొన్ని సంగతులు తురకీలో రాశాడు. రష్యా గురించి తన మనసులో మాట కూడా తురకీలోనే రాశాడు. ఈ లోకంలో అలాంటి నేల ఇంకోటి లేదు, కానీ అక్కడి ప్రభువులు న్యాయంగా ఉండరు, ఎప్పటికైనా అక్కడ న్యాయం ఉండాలని కోరుకున్నాడు. ఫ్యామిలీ గ్రూపులో అర్థం కాకుండా రాసే తెలివి అప్పుడే ఉందన్నమాట.

మూడేళ్ళ దాకా ఇక్కడ ఉన్నాడు. తిండికే రోజూ డబ్బు కరిగిపోతుంటే, ఇక ఇంటికి పోదామనుకుని దాభోల్ రేవులో ఓడెక్కాడు. గాలి ఓడని తీసుకెళ్ళి ఇథియోపియా ఒడ్డున పడేసింది. అక్కడివాళ్ళకి బియ్యం, మిరియాలు, రొట్టెలు ఇచ్చి బయటపడ్డారు. మళ్ళీ హోర్ముజ్, మళ్ళీ పర్షియా. నల్లసముద్రం ఒడ్డున ట్రెబిజోండ్‌లో అధికారులు గూఢచారి అనుకుని, కాగితాల కోసం సామానంతా వెతికారు. కాగితాలు దొరకలేదు, ఉన్న చిన్నాచితకా వస్తువులు మాత్రం తీసుకున్నారు. వెళ్ళేటప్పుడు ఒక దోపిడి, వచ్చేటప్పుడు ఒక దోపిడి. చివరి సముద్రం దాటి క్రిమియాలోని కఫా చేరాడు. కాస్పియన్, హిందూ, నల్ల సముద్రాలు, మూడూ దాటాను దేవుడి దయ వల్ల అని రాసుకున్నాడు. ఆ తర్వాత అరబిక్‌లో ప్రార్థన, దేవుడి పేర్లు. రాత అక్కడితో అయిపోయింది.

త్వేర్ చేరలేదు. దారిలో స్మోలెన్స్క్ రాకముందే చనిపోయాడు. నోటుపుస్తకాలు ఎవరో వ్యాపారులు మాస్కో తీసుకొచ్చి రాజు దగ్గర పనిచేసే గుమాస్తాకి ఇచ్చారు, 1475లో వాటిని చరిత్ర గ్రంథంలో ఎక్కించారు. తర్వాత మూడు వందల ఏళ్ళకు పైగా ఎవరికీ పట్టలేదు. చరిత్రకారుడు కరంజిన్ ఒక మఠం పుస్తకాల్లో మళ్ళీ కనిపెట్టాడు. 1957లో హిందీలో పర్‌దేశీ అని సినిమా కూడా వచ్చింది. సినిమాలో నికితిన్‌కి నర్గీస్ హీరోయిన్. అసలు పుస్తకంలో ఆయన ప్రేమించినట్టు కనిపించేది ఆ గుర్రాన్ని ఒక్కదాన్నే.

ఇదంతా బావకి చెప్పాను. వాడికి శ్రీశైలం భాగం బాగా నచ్చింది. పోయిన శివరాత్రికి వాళ్ళ హాస్టల్లో తెలుగువాళ్ళంతా ఒక రూములో చేరి జాగారం చేశారట, అంటే తెల్లార్లూ సినిమాలు చూశారట. పక్క రూము రష్యన్ కుర్రాడు గొడవకి వచ్చాడనుకున్నారు. వాడు చేతిలో వెన్న కారుతున్న అట్ల ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు, మాస్లెనిత్సా కదా. ఉపవాసం అని రష్యన్‌లో ఎలా చెప్పాలో వెంటనే తట్టక, మా బావ గడప ఇవతలి నుంచే చెయ్యి చాపి ప్లేటు అందుకోబోయాడట. ఆ కుర్రాడు ఇవ్వలేదు. ముందు గడప దాటి లోపలికి వచ్చి, అప్పుడు ఇచ్చాడు.